తినేది నేను గాదు, నా జీను!

పాఠకులారా! మనిషి తలలో హైపోథాలమస్ అనే బాదంపప్పంత ముక్క ఒకటుంది. మన అవయవాలన్నిటిలోకీ అదే గొప్పది! చేతులు పని చెయ్యమని మొరాయిస్తాయి, కాళ్లు నడవమని మొండికేస్తాయి. మన తప్పులన్నీ కిమ్మనకుండా నెత్తినేసుకునేది ఇదొక్కటే!

నమ్మరా? బేతంచెర్లలో నేలకు పరిచే పాలిష్ బండలు అమ్మే వీరభద్రయ్యను అడగండి.

ఆయనకు షుగరు. భార్య నాగేంద్రమ్మ పూటకు రెండు జొన్నరొట్టెలు పెట్టి పళ్లెం లాగేసుకునేది. అలాంటి ఇంటికి రెండువేల ఆరు ఉగాదికి తమ్ముడి కూతురు సుచరిత వచ్చింది. బెంగళూరులో ఎలుకల మెదళ్ల మీద రీసెర్చ్ చేస్తోంది.

“యేం చదువమ్మా అది?” అని అడిగాడాయన.

“హైపోథాలమస్‌లో గ్లూటమేట్ అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు ఉంటాయి పెద్దనాయనా. వాటిని తయారుచేసే జీన్లు ఎప్పుడు జోరుగా పనిచేస్తాయో చూస్తాండా. ఆ చోట గ్లూటమేట్ పడితే, కడుపు నిండిన ఎలక గూడా మళ్లా తింటాది.”

“అంటే తప్పు ఎలకది గాదు!”

“అది ఎలక సంగతి, మనుషుల్లో...”

వినడానికి ఆయన అక్కడుంటే కదా! వంటింట్లో పండక్కి చేసిన తీపి ఓళిగల్లో ఐదోదాని మీదున్నాడు. నాగేంద్రమ్మ గుడ్లురిమితే ధైర్యంగా చెప్పాడు.

“తినేది నేను గాదే, నా జీను!”

ఎంత హాయి! ఎంత నిర్దోషిత్వం! ఈ శుభవార్తను ఆయన ఊరంతా చాటాడు. మరునాడే ఆయన దగ్గర బండలకు పాలిష్ పట్టే కంబన్న పట్టపగలు చల్లటి బండ మీద గుర్రుపెట్టాడు.

“లెయ్‌రా!” అని కసిరాడు వీరభద్రయ్య.

“నిద్ర గూడా ఆ ముక్కలోనే ఉంటాదంట గదప్పా. నేనేం జేద్దు?”

కడపకు బండలు తోలాల్సిన లారీ డ్రైవర్ ప్రేమయ్య వేపచెట్టు కింద చేరగిలబడ్డాడు. ఎండకు హైపోథాలమస్ వేడెక్కిందట! ఊళ్లో నేరస్థుడన్నవాడే లేకుండా పోయాడు. ఇంతకంటే రామరాజ్యం ఉంటుందా?

ఒక మధ్యాహ్నం వీరభద్రయ్య ఆకలితో ఇంటికొచ్చాడు. పొయ్యి చల్లగా ఉంది. నాగేంద్రమ్మ ఫ్యాను కింద కూర్చునుంది.

“అన్నం యాడ?”

“లేదు. వంట జేసే జీను పొద్దున్నుంచీ పలకలేదు.”

గాబరాగా బెంగళూరులోని సుచరితకు ఫోను చేశాడు. “అట్లాంటి జీను ఉండాదా తల్లీ?”

“తెలీదు పెద్దనాయనా. పెద్దమ్మ తినిందా?” అంది సుచరిత.

వీరభద్రయ్య ఫోను పెట్టేశాడు. ఎలుక ఎందుకు తింటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఇన్నేళ్ల కాపురంలో భార్య తింటుండగా చూసిన గుర్తే లేదు.

స్టేషను దగ్గరి హోటలుకు పరుగెత్తి రెండు పొట్లాలు మరమరాల ఉగ్గాని, బజ్జీ కట్టించుకొచ్చాడు. ఒకటి విప్పి ఆమె ముందు పెట్టాడు.

“ఏమే, నువ్వు దినామూ ఎప్పుడు తింటావు?”

నాగేంద్రమ్మ బజ్జీ తుంచుకుంది.

“అన్నం మిగిలిన పొద్దు.”

వీరభద్రయ్య తనకని తెచ్చుకున్న రెండో పొట్లం కూడా ఆమె వైపు జరిపాడు. అది ఏ జీను చేయించిన పనో సుచరిత ఇంకా కనిపెట్టాల్సే ఉంది!