పిప్పిపన్ను పరపతి విధానం

కేంద్ర బ్యాంకు వారు ప్రజలకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, సెయింట్ ఆస్టెల్ దీవి డాలరు నిలకడగా ఉంది. అది ఎజెకిల్ బాప్టిస్ట్ కుడి దవడలోని పిప్పిపన్ను మీద నిలబడి ఉందన్న సంగతి మాత్రం ప్రకటనలో వెయ్యలేదు. అలాంటివి జనానికి చెబితే అనవసరంగా అర్థం చేసుకుంటారు.

ఎజెకిల్ సముద్రంలో మునిగి శంఖాలు తీసి, వాటి మాంసం అమ్ముకునే మనిషి. కొత్త ఇరవై డాలర్ల నోటు మీద కెప్టెన్ మింగో బొమ్మ వెయ్యాలని బ్యాంకు తీర్మానించింది. చెరకు తోటల దొరల మీద తిరగబడ్డ బానిసల నాయకుడాయన. ఆయన ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో రంగులూ కుంచెలూ దొరల దగ్గరే ఉండేవి. దొరలకేమో తమ గుర్రాల బొమ్మలు గీయించుకోవడంతోనే తీరిక దొరికేది కాదు. అందుకని లండన్ నుంచి దిగిన చిత్రకారుడు వీరుడి ముఖం కోసం రేవంతా గాలించి, ఎజెకిల్ ముందు ఆగిపోయాడు. చెంప ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయి, పళ్ళు బిగబట్టి నిలబడి ఉన్నాడు ఎజెకిల్.

"స్వాతంత్ర్య జ్వాల!" అన్నాడు చిత్రకారుడు.

అది పంటిపోటు.

నోటు విడుదల సభలో గవర్నర్ సర్ మార్టిమర్ హైసింత్ గారు గద్గద స్వరంతో మాట్లాడారు. "ఈ చెంపలో ఉబ్బినది మన జాతి ఆత్మగౌరవం!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. జాతి ఆత్మగౌరవానికి ఆ పూట గంజి కూడా దిగలేదు.

మర్నాడు ఎజెకిల్ పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. వీధి మలుపులోనే బ్యాంకు కారు అడ్డం వచ్చింది.

"పన్ను పీకిస్తే వాపు పోతుంది. వాపు పోతే ముఖం మారుతుంది. నోటు దొంగదంటారు జనం," అన్నాడు అధికారి.

"నా నోట్లో పన్నండీ! నా ఇష్టం."

"ఏ నోట్లో?" అంటూ అధికారి జేబులోంచి ఇరవై తీసి చూపించాడు. "ఇందులోది మాది."

అప్పట్నుంచి ఎజెకిల్ యోగక్షేమాలు బ్యాంకే చూసుకుంది. అతను చెంపకి ఐసు పెట్టుకోకుండా గుమ్మంలో కానిస్టేబుల్‌ని పెట్టింది. లవంగం నమలడాన్ని విలువ తగ్గింపు కింద జమకట్టింది. వాషింగ్టన్ నుంచి వచ్చిన నిపుణులు దవడని వేలితో నొక్కారు. ఎజెకిల్ కెవ్వుమన్నాడు. "కరెన్సీకి మంచి స్పందన ఉంది" అని రాసుకుని వెళ్ళారు. ధరల వాపు ఆపలేని బ్యాంకు చెంప వాపుని ఎంత చక్కగా కాపాడుతోందో అని పత్రికలు మెచ్చుకున్నాయి.

ఎజెకిల్ భార్య ఇవాడ్నీకి ఆర్థిక శాస్త్రం రాదు. "రాత్రంతా ఈయన మూలుగు వినేది నేనా, గవర్నర్ పెళ్ళామా?" అని, కానిస్టేబుల్‌కి వేయించిన చేప పెట్టి పక్కకి తిప్పి, పడవలు బాగుచేసే టైటస్ మామని పట్టకారుతో సహా లాక్కొచ్చింది.

"మామా, మెల్లిగా..."

"జాతీయ వీరుడివి, అరవకూడదురా. నోటు చూడు, ఎంత బుద్ధిగా నోరు మూసుకున్నావో!"

పన్ను ఊడింది. మూడోనాటికి చెంప దిగింది. ఎజెకిల్ నవ్వుతూ క్లోటిల్డా కొట్టుకి వెళ్ళి, పిండీ ఉప్పుచేపా అడిగి, ఇరవై నోటు చాపాడు. ఆమె నోటుని వెలుతురుకి పెట్టి చూసింది. తర్వాత అతన్ని వెలుతురుకి జరిపి చూసింది.

"నోటు మంచిదే. నువ్వే తేడాగా ఉన్నావు."

"నేనక్కా, ఎజెకిల్‌ని! మీ పిల్ల పెళ్ళికి శంఖాల కూర వండింది నేనే కదా!"

"ఏమో నాయనా. దీన్ని ప్రభుత్వం అచ్చేసింది."

"నన్ను మా అమ్మ అచ్చేసింది!"

"మరి మీ అమ్మ సంతకమేదీ?" అన్నాడు వెనకాల నిలబడ్డవాడు. కొట్టంతా సంతకం కోసం వెతికింది. దొరకలేదు.

దొంగనోట్ల చట్టం కింద ఎజెకిల్‌ని లోపలేశారు. గవర్నర్ గారు దయామయులు. అసలు ముఖం రుజువు చేసుకున్న మరుక్షణం వదిలెయ్యమన్నారు. ఆ రుజువు సంగతి కానిస్టేబుల్ చూసుకున్నాడు, కుడి చెంప మీద, పొద్దుటొకటీ సాయంత్రమొకటీ. వారం తిరిగేసరికి కన్ను సగం మూసుకుంది. నోటు పక్కన పెట్టి చూశారు. అచ్చు గుద్దినట్టుంది.

విడుదలైన ఎజెకిల్‌ని చూసి కొట్టు కొట్టంతా సంబరపడింది.

"ఇదిగో, ఇప్పుడు నువ్వే! ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావయ్యా?" అంది క్లోటిల్డా, పిండి తూస్తూ.

ఎజెకిల్ నవ్వబోయాడు.

"నవ్వకు నవ్వకు, మారిపోతావు!"

ఆ దీవి వాళ్ళని చూసి మీరు నవ్వుకోవచ్చు, ఖర్చేమీ లేదు. అయితే రేపు మీ వీధిలో ఒక మనిషీ ఒక నోటూ పక్కపక్కన పడి ఉంటే, ముందు దేనికోసం వంగుతారో మీకూ తెలుసు.