ఈ రోజు నుంచి క్రోమియమే

మధ్యాహ్నం మూడింటికి విజయవాడ నుంచి వందన గారు వీడియో కాల్‌లో నగలు చూస్తానన్నారు. ఆవిడకి అక్కడ పెద్ద ఫ్యాన్సీ షాపుంది. ఆ కాల్ మధ్యలో ఆగిపోకుండా ఉండాలంటే దుకాణం కంప్యూటర్‌కి ఏ బ్రౌజర్ మంచిదో భోజనాల లోపు తేల్చేయాలని జోయా పొద్దున్నే అనుకుంది. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల దుకాణం వాళ్ల నాన్న నిజాముద్దీన్‌ది. కంప్యూటర్ తొమ్మిదేళ్ల నాటిది. పాతసామాన్లకి పోవాల్సిన దానిలో జోయా లినక్స్ వేసి బతికించింది. ఇక క్రోమా, క్రోమియమా అన్నదే మిగిలింది.

రెండింటిలోనూ అవే హారాల ఫొటోలు తెరిచి, ఏది ఎంత మెమరీ తింటుందో చూసింది. పెద్ద తేడా లేదు. ఉన్న కాస్తా క్రోమియం వైపు మొగ్గింది. మర్చిపోకుండా గల్లాపెట్టె పక్కనున్న బోర్డు మీద ‘ఈ రోజు నుంచి క్రోమియమే’ అని రాసి, గుడివాడలో ఉన్న స్నేహితురాలు ఆలియాకి ఫోన్ చేసింది.

“రెండూ ఒక తల్లి పిల్లలేనే. క్రోమియం మీద కంపెనీ వాళ్లు తమ పూత వేస్తే క్రోమ్. పైకి చూస్తే తేడా ఎవరికీ తెలీదు. మనకి ఆ పూతతో పనేంటి?” అంది జోయా.

సరిగ్గా అప్పుడే సుబ్బరత్నమ్మ గారు మెట్లెక్కారు. బందరులో కోలాటం బృందం నడిపేది ఆవిడే. ఆదివారం దగ్గర్లోని శ్రీకాకుళం ఊరి గుడిలో ఆడబోతున్నారని, బృందానికంతా పద్నాలుగు హారాలు ఇవాళ పొద్దున్నే ఇక్కడ కొన్నారు. చెవులకి బుట్టలు కూడా తీసుకుందామని మళ్లీ వచ్చినావిడ పూత సంగతి విన్నారు, బోర్డు చదివారు, చప్పుడు చేయకుండా పక్కనున్న ఇంకో నగల కొట్టుకి వెళ్లారు.

“హరిబాబూ, క్రోమియం అంటే ఏంటి?”

“సైకిల్ హ్యాండిల్‌కి వేస్తారు కదక్కా, తళతళలాడేది. ఎందుకూ?”

“నిజాముద్దీన్ గారు బంగారు పూత మానేసి అదే వేస్తున్నారయ్యా. బోర్డు కూడా పెట్టారు.”

హరిబాబుకి నిజాముద్దీన్ మీద జాలేసింది. ఆ జాలిని పన్నెండు లోపే బజారంతా పంచిపెట్టాడు.

మూడవుతుండగా జోయా వీడియో కాల్ తెరిచి, మైకు ఆపేసి, నమూనాలు తేవడానికి వెనక గదిలోకి వెళ్లింది. అదే సమయానికి పద్నాలుగు మందీ హారాలు పట్టుకుని దిగారు.

“మీరు క్రోమియం వాడుతున్నారంట, నిజమేనా?” అన్నారు సుబ్బరత్నమ్మ.

నిజాముద్దీన్‌కి కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. కూతురి మీద మాత్రం గురి. “అవునండీ. పొద్దుటే మార్చాం. మా అమ్మాయి తెలివి. పైసా ఖర్చు లేదు.”

“మాకొక్క మాట చెప్పక్కర్లేదా?”

“చెప్పడానికేముందండీ? మీకు తేడా తెలిస్తే కదా.”

“మరి పడకపోతే?”

“పడకపోతే తీసేసి పాతదే వేసుకుంటాం. ఐదు నిమిషాల పని.”

గొడవకి జోయా పరిగెత్తుకొచ్చింది. బోర్డు చూడగానే సంగతి అర్థమైంది.

“ఆంటీ, అది వేసింది కంప్యూటర్‌కి, నగలకి కాదు.”

“కంప్యూటర్‌కి పూతెందుకమ్మా?”

చూపిస్తే గానీ నమ్మరని తెర వాళ్ల వైపు తిప్పింది. చూసేంత ఓపిక ఎవరికీ లేదు. పద్నాలుగు మందీ హారాలు పైకెత్తి, “ఇది చూడు, ఇది తీసుకో” అంటూ మీదికొచ్చారు. తెర మీద అప్పటికే వందన గారు ఉన్నారు. ఆవిడ ఎప్పుడొచ్చారో, ఎంత చూశారో తెలియదు. జోయా మైకు ఆన్ చేసింది.

“మాటలు వినపడలేదు గానీ, ఇంత గిరాకీ ఉందని చెప్పలేదేంటండీ?” అన్నారు వందన. “ఆవిడ చేతిలోని హారం లాంటివి నాకు అరవై కావాలి. అక్కడున్నవి కూడా ఎవరికీ ఇవ్వకండి.”

సుబ్బరత్నమ్మ గారు చేతిలోని హారాన్ని ఒకసారి తిప్పి చూసి, మెడలో వేసుకున్నారు. మిగతా పదమూడు హారాలూ అలాగే మెడల్లోకి వెళ్లిపోయాయి.

“వాపసు ఇద్దామనే కదండీ తెచ్చారు?” అన్నాడు నిజాముద్దీన్.

“ఎవరన్నారు? ఎలా మెరుస్తున్నాయో మీకు చూపిద్దామని తెచ్చాం” అంటూ ఆవిడ బృందంతో సహా మెట్లు దిగారు.

జోయా జరిగిందంతా దాచకుండా చెప్పింది. వందన గారు నవ్వాపుకోవడానికి కాసేపు పట్టింది గానీ, అరవై మాత్రం తగ్గించలేదు.

మర్నాడు హరిబాబు కొట్టు ముందు కొత్త బోర్డు వెలిసింది: ‘మా వద్ద క్రోమియం వాడబడదు.’ అందులో అబద్ధమేమీ లేదు. ఆయన కొట్లో కంప్యూటర్ లేదు.