ఆడనివారు కట్టే ఆటల ఫీజు

ఆటల ఫీజు రద్దు చేయాలని అరిచేవాళ్లకు ఆటల గురించి తెలుసేమో గానీ, మనిషి మనసు గురించి బొత్తిగా తెలియదు!

ఈ మాట కోపంతో అనడం లేదు. వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సైకాలజీ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. సాయంత్రాలు స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర ఒక్కణ్ణే కూర్చుని మైదానం వైపు చూడడం నాకు అలవాటు. మైదానంలో ఎవరూ ఉండరు కాబట్టి ఆలోచనకు అడ్డు రారు. అలా చూసి చూసి తేల్చుకున్న సంగతులనే మీ ముందు పెడుతున్నాను.

మా కాలేజీలో చేరే ప్రతి విద్యార్థీ ఆటల ఫీజు కట్టాలి. కాలు విరిగి కట్టుతో వచ్చినా కట్టాలి. అందులో కొంత విశ్వవిద్యాలయానికి పోతుంది. మిగిలింది కాలేజీలో ఉంటుంది. ఎక్కడ ఉంటుందని అడగకండి. ఉంటుంది. శరీరంలో ఆత్మ ఎక్కడుందో ఎవరైనా వేలు పెట్టి చూపగలరా? అంతమాత్రాన లేదంటామా?

"మేం ఆడం గదా సార్, మాకెందుకు ఫీజు?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. పసితనం! ఈ ఫీజు వల్ల అసలు లాభం ఆడనివాడికే. ఆడేవాడికి ఏముంది? ఇవాళ గెలుస్తాడు, రేపు ఓడతాడు, ఎల్లుండి మోకాలు చెక్కుకుపోతుంది. ఆడనివాడు ఫీజు కట్టేసి, 'తలచుకుంటే నేనూ ఆడేవాణ్ణే' అనుకుంటూ మూడేళ్లూ హాయిగా గడుపుతాడు. ఆ ఒక్క 'తలచుకుంటే' అనే మాట మీద మన జిల్లాలో ఎన్ని జీవితాలు ఆనుకుని నిలబడ్డాయో మీకు తెలియనిదా?

వసతులు లేవని కొందరి ఫిర్యాదు. నాగర్‌కర్నూల్ వైపు ఒక కాలేజీకి మైదానం ఊరి బయట గుట్ట అవతల ఉందట. అక్కడికి నడిచి చేరేసరికి పొద్దు గూకుతుంది. వెంటనే తిరిగి వచ్చేస్తారు. ఆ నడక వ్యాయామం కాదా? గద్వాలలో ఇంకో కాలేజీలో వాలీబాల్ నెట్ చిరిగితే, మగ్గాల ఇళ్ల పిల్లలు కూర్చుని అతుకు కనబడకుండా బాగుచేశారట. ఆ పనితనం చూసి ప్రిన్సిపాల్ గారికి మనసొప్పలేదు. ఇంత చక్కని అల్లికను బంతులతో కొట్టిస్తామా అని బీరువాలో పెట్టి తాళం వేశారు. కళకు ఇంత విలువ ఇచ్చే ప్రిన్సిపాల్ మీ ఊళ్లో ఉన్నారా?

మా మైదానం వ్యవసాయానికి కూడా పనికొస్తుంది. మార్కెట్‌కు పంట వచ్చే రోజుల్లో మా చైర్మన్ గారి బంధువులు అక్కడ పల్లికాయ ఆరబోస్తారు. పిల్లలు దాని పక్కనుంచి క్లాసుకు వస్తూ నాలుగు కాయలు వలిచి నోట్లో వేసుకుంటారు. ప్రోటీన్! క్రీడాకారులకు పౌష్టికాహారం అందడం లేదని రాసే పత్రికలు ఇది మాత్రం రాయవు.

ఫీజు ఒక కాలు, విరాళం ఇంకో కాలు. మా ప్రాంతంలో కాలేజీ ఆటలు ఈ రెండు కాళ్ల మీదే నిలబడి ఉన్నాయి. నిలబడి ఉన్నాయి అనే అంటున్నాను, పరుగెత్తుతున్నాయని అనడం లేదు.

విరాళం సంగతి చెప్పాలంటే శివశంకర్ గారి సంగతి చెప్పాలి. ఆయనకు మా ఊళ్లో పల్లినూనె మిల్లు ఉంది. ఆయన తండ్రి ధర్మయ్య గారు కిందటేడు పోయారు. తండ్రి పేరు నిలబెట్టాలని కొడుకు ఆరాటం. మా దాతలది ఒకటే పద్ధతి. ఏది ఇచ్చినా దాని మీద పేరుండాలి. మా కాలేజీ ఫ్యాన్ల రెక్కల మీద కూడా పేర్లున్నాయి. తిరిగే ఫ్యాను మీద పేరు కనబడదు కాబట్టి, దాత వచ్చిన రోజున ఎంత ఎండాకాలమైనా ఫ్యాన్లు ఆపేస్తాం. అందరం చెమటలు కక్కుతూ తలెత్తి చదువుతాం.

ఆ ఏడాదే అమ్మాయిల అంతర్ కళాశాలల ఖోఖో పోటీలు మా కాలేజీలో జరిగాయి. విశ్వవిద్యాలయ జట్టును అక్కడే ఎంపిక చేస్తారు. మా జట్టులో ఉమ అనే అమ్మాయి ఉంది. గద్వాలలో చీరలు నేసేవాళ్ల పిల్ల. అప్పటికి హాస్టల్లో ఉండి రెండో సంవత్సరం చదువుతోంది. ఆటలో ఆమెను ముట్టుకోవడమంటే తలుపు సందులోంచి వచ్చే ఎండను పట్టుకోవడమే.

"సెలెక్టయితే బీపీఎడ్ సీటుకు లెక్కకొస్తది సార్," అంది ఒక రోజు. "ఆటల కోర్సు జేసి నేను గూడ మన ఆటల సారు లెక్క పీడీ అయిత. లేకుంటే డిగ్రీ కాంగనే ఇంటికే. మా నాయిన నాకోసం ఇంకో మగ్గం గుంత తవ్వి పెట్టిండు."

గద్వాల మగ్గం సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్లు దించి కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే తొక్కాలి. కాళ్లు ఎంతైనా కదలవచ్చు. మనిషి మాత్రం కదలకూడదు.

మా మైదానం నిండా గులకరాళ్లు. అమ్మాయిలు ఉత్త కాళ్లతో ఆడుతున్నారని, మా ఫిజికల్ డైరెక్టర్ వెంకట్రాములు ఆటల ఫీజులోంచి బూట్లు కొనమని అడిగారు. "ఫీజు ఉండడానికి గదయ్యా, ఖర్చు పెడితే ఇంక ఉంటుందా?" అన్నారు ప్రిన్సిపాల్. తర్కంలో లోపం లేదు. దాంతో వెంకట్రాములు నన్ను వెంటబెట్టుకుని నూనె మిల్లుకు వెళ్లారు.

"శంకరన్నా, ఆడపిల్లలకు బూట్లు గావాలె."

"బూట్లా? బూట్ల మీద మా నాయిన పేరు రాపిస్తవా వెంకట్రాములూ?" అన్నారు శివశంకర్ గారు.

"పేరెందుకన్నా, ఊకె ఇయ్యరాదు?"

"పేరు లేకుంటే ఎవడిచ్చిండని తెలుస్తది? గదేం దానమయ్యా! బాలు కొనిస్త, తీస్కపో. తన్నే బాలు గాదు మల్ల. చేతుల్తోటి ఆడేది."

"ఖోఖోల బాలుండదన్నా."

"బాలు లేని ఆటేంది! మరేముంటది అండ్ల?"

"గా దిక్కొకటి, గీ దిక్కొకటి రెండు కట్టెలుంటయి."

శివశంకర్ గారు గోడ మీది తండ్రి ఫొటో వైపు చూశారు. "మా నాయినను కట్టెల మీద పండవెట్టి ఇంక ఏడాది నిండలే. మల్ల కట్టెల మీదికే ఎక్కిస్తవా?"

వెంకట్రాములు సాయం కోసం నా వైపు చూశారు. నేను సైకాలజీ మనిషిని కాబట్టి దాత గారి ముఖ కవళికలు గమనిస్తూ కూర్చున్నాను.

చివరికి దాత గారు షామియానా, మైకు, భోజనాలు, రెండు షీల్డులు ఇచ్చారు. షామియానా ముందు, ఖోఖో కోర్టు లోపలే, తడి సున్నంతో నిలువెత్తు అక్షరాల్లో తండ్రి పేరు రాయించారు. "అందరి కండ్లు నేల మీదనే ఉంటయి గదా," అన్నారు. ప్రకటన శాస్త్రం చదివినవాళ్లకు కూడా ఇంత సూటిగా తట్టదు!

చిన్న చిక్కు ఒకటే. మనవాళ్లు అక్షరాన్ని తొక్కరు. పుస్తకానికి కాలు తగిలితే వంగి ముట్టుకుని కళ్లకద్దుకుంటాం. బజ్జీలు చుట్టిన కాగితానికి తగిలినా అంతే. అందులోనూ పోయిన పెద్దమనిషి పేరు!

"బిడ్డా, జర పేరు తొక్కకుండ్రి. ఆయన కొడుకు ముంగటనే కూసుంటడు," అని వెంకట్రాములు పిల్లలందరికీ చెప్పారు.

ఖోఖోలో ఒక జట్టువాళ్లు వరుసగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు లేచి తరుముతారు. రెండో జట్టువాళ్లు చేతికి చిక్కకుండా గీతల లోపలే పరుగెత్తాలి. గీత దాటితే అవుటే. ఆ గీతల లోపల మూడో వంతు స్థలంలో ధర్మయ్య గారే ఉన్నారు.

ఫైనల్ మాకూ, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన జట్టుకూ. దాత గారి పక్కన కూర్చుని ఆట వివరించే పని నాకు అప్పగించారు.

"గా పిల్లలేంది, కూసున్నరు? ఆడరా?"

"వంతు వస్తే లేస్తారండీ."

"లేసి?"

"ముట్టుకుంటారు."

"గింతేనా! గీ ముట్టుకునేదానికా నేను బగారన్నం వెట్టిచ్చింది?"

రెండు జట్ల అమ్మాయిలూ పేరును తప్పించుకుంటూ దాని చుట్టూ తిరిగారు. దూరం నుంచి చూస్తే ప్రదక్షిణలా ఉంది. దాత గారి అభిప్రాయం మారింది. "మంచి ఆటనే సారూ. భక్తి ఉన్నది," అన్నారు.

ఆఖరున మా జట్టులో ఉమ ఒక్కతే మిగిలింది. విజిల్ పడేదాకా చిక్కకపోతే మేం గెలిచినట్టే. సెలెక్టర్లు ముందుకు వంగి ఆమెనే చూస్తున్నారు. నాగర్‌కర్నూల్ అమ్మాయి రాధ ఆమెను మూలకు తరిమింది. ఒక పక్క గీత, ఒక పక్క రాధ, ఎదురుగా ధర్మయ్య గారు. ఉమ పేరు మీదుగా దూకింది. దాదాపు దాటేసింది. చివరి అక్షరం మీద మడమ పడింది.

ఆగిపోయింది. వంగి నేలను ముట్టుకుని ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. ఆ వంగిన వీపు మీద రాధ చెయ్యి పడింది. విజిల్ మోగింది. అప్పుడు రాధ కూడా కిందికి చూసి, తాను నిలబడింది ఎక్కడో గ్రహించి, గబుక్కున వంగి కళ్లకద్దుకుంది.

రాధ ఆట ముగించి మొక్కింది. ఉమ మొక్కి ఆట ముగించింది. విశ్వవిద్యాలయ జట్టుకూ మగ్గం గుంతకూ మధ్య ఉన్న దూరం అంతే.

దాత గారి కళ్లు చెమ్మగిల్లాయి. "సంస్కారమంటే గదీ!" అని మైకు అందుకుని, పెద్ద షీల్డు ఓడిన జట్టులోని ఉమకు, చిన్న షీల్డు గెలిచిన జట్టుకు ఇచ్చేశారు. సెలెక్టర్లు గట్టిగా చప్పట్లు కొట్టి, రాధను ఎంపిక చేసుకుని జీపెక్కారు. బీపీఎడ్ సీటుకు సంస్కారాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోవడం లేదట. తీసుకోవాలని నేను విశ్వవిద్యాలయానికి రాయాలనుకుంటున్నాను.

ఇంటికి వెళ్లి వచ్చాక ఉమ స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. ఓదార్చడం నా వృత్తి ధర్మం. చిన్ననాటి అలవాట్లు మనసు లోతుల్లో ఎలా నాటుకుంటాయో, మన ప్రమేయం లేకుండా శరీరాన్ని ఎలా వంచుతాయో పాఠంలాగా వివరించాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"లోతుల ఏం లేకుండె సార్," అంది. "ఉత్త కాలు గదా. సున్నం ఇంక తడిగుండె. సల్లగ తగిలింది, చెయ్యి కిందికి వొయింది. బూట్లుంటే నాకు తెలుస్తుండెనా?"

ఈ ప్రశ్న సిలబస్‌లో లేదు. షీల్డు ఎక్కడ పెట్టారని అడిగాను.

"మగ్గం పక్కకు పెట్టిండు మా నాయిన. మా అవ్వ తిడుతున్నది. నూనె మిల్లాయన పేరు మనింట్ల ఎందుకే, మనకు పెద్దలు లేరా అని."

ఆ వానాకాలంలో సున్నం కొట్టుకుపోయింది. దాత గారు బాధపడి, అదే చోట అవే అక్షరాలు సిమెంటుతో పోయించారు. ఇక అక్కడ ఎవరూ ఆడడానికి లేదు. రాళ్లు గుచ్చుకోవు, ఎవరూ ఓడిపోరు, ఏ సెలెక్టరూ జీపెక్కి వెళ్లిపోడు. అక్షరాల మీద దుమ్ము తుడవాలి కాబట్టి ఈ ఏడు మైదాన నిర్వహణ కింద ఆటల ఫీజు కాస్త పెంచారు. పల్లికాయ కూడా పేరు వదిలేసి ఆరబోస్తున్నారు. రైతుకున్న గౌరవం అది!

ఉమ ఇప్పుడు మూడో సంవత్సరం. పెరిగిన ఆటల ఫీజు కూడా కట్టేసింది. నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటుంది. నేను పాఠం చెబుతున్నంతసేపూ బెంచీ కింద ఆమె పాదాలు కదులుతూనే ఉంటాయి. అది పరుగెత్తడమో, మగ్గం తొక్కడమో తేల్చుకుందామని చాలా రోజులుగా గమనిస్తున్నాను. ఇంకా తేలలేదు.

కాబట్టి ఫీజు రద్దు మాట ఎత్తకండి. ఇంకా పెంచండి. విరాళాలూ రానివ్వండి. దాతలకు మాత్రం ఒక చిన్న మనవి. మీ పెద్దల పేర్లు కాలేజీలో ఎక్కడైనా రాయించుకోండి. గోడల మీద, గేట్ల మీద, మా లెక్చరర్ల నుదుటి మీద రాయించినా కాదనం. నేల మీద మాత్రం వద్దు. ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒక పిల్ల అక్కడ పరుగెత్తే ప్రమాదం ఉంది.