కాన్సీక్వెంట్లీ మహత్యం

చెడిన ప్రతి పనికీ చెడగొట్టినవాడు ఒకడుండాలి కదా! మరి మా ఆఫీసులో ఇన్ని పనులు చెడుతుంటే ఆ మనిషి ఒక్కసారైనా దొరకడేం? పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని బయల్దేరే నన్ను ఈ సందేహం పద్దెనిమిదేళ్లు వేధించింది. ఇప్పుడు తీరింది. పాపం పోవడానికి పూజలక్కర్లేదు, కాన్సీక్వెంట్లీ అన్న ఇంగ్లిష్ ముక్క ఒక్కటి చాలు!

'పర్యవసానంగా' అని దానర్థం. మాది కుళాయిలు మంజూరు చేసే ఆఫీసు. జనానికి పంపే జవాబులకు ఒక అచ్చు ఫారం ఉంది. పైన ఒక ఖాళీ, కింద ఒక ఖాళీ, మధ్యలో కాన్సీక్వెంట్లీ. పై ఖాళీలో ఏదో ఒకటి జరగాలి, చేసినవాడు మాత్రం కనపడకూడదు. 'కొలతలో తేడా ఏర్పడినది. కాన్సీక్వెంట్లీ నీరు అందలేదు.' తేడా దానంతటదే పుట్టింది, నీళ్లు వాటంతటవే అలిగాయి. ఇక ఎవరిని తిడతారు?

ఇంట్లోనూ వాడి చూశాను. ఇస్త్రీపెట్టె మరిచిపోయి దుప్పటి కాల్చి, వేడి పెరిగింది, కాన్సీక్వెంట్లీ కన్నం పడిందన్నాను. పొయ్యి వెలగలేదు, కాన్సీక్వెంట్లీ మీకు భోజనం లేదంది మా ఆవిడ. ఎంత త్వరగా వంటబట్టిందో చూడండి!

మా వీధి మలుపులో బట్టలు కుట్టే పెద్దావిడ మూడేళ్ల కిందట కుళాయి కోసం దరఖాస్తు నా చేతికే ఇచ్చింది. దాన్ని టిఫిన్ డబ్బా కింద పరిచాను. నూనె కారింది. సిగ్గేసి చెత్తబుట్టలో పడేసి, ఫారం నింపాను: 'దరఖాస్తు లభ్యం కాలేదు. కాన్సీక్వెంట్లీ కుళాయి మంజూరు కాదు.' మళ్లీ పెట్టుకుంటే వరస చివరికి పోయింది. అప్పటినుంచీ బిందెతో రెండంతస్తులు ఎక్కుతోంది.

మొన్న మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి, ఆ ఉత్తరాన్నే నా బల్ల మీద పరిచింది.

"చదువుకున్నవాడివి, చెప్పు నాయనా. మధ్యలో ఈ మాటేంటి? నేను చేసిన తప్పు పేరా అది?"

పక్క బల్లల వాళ్లంతా ఫైళ్లలోకి తలలు దూర్చారు.

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. నీ కాగితం నేనే పారేశాను."

"ఆ ముక్క అప్పుడే చెప్పుంటే, ఆ రోజే ఇంకోటి రాయించి ఇద్దును కదా" అంది ఆవిడ.

తప్పు ఆఫీసుదని రాతలో ఉంటే పాత వరస తిరిగొస్తుంది. రాసినవాడికి మెమో కూడా వస్తుంది. 'పారవేయబడినది' అని రాయవయ్యా, కాన్సీక్వెంట్లీ నీకూ ఇబ్బంది ఉండదు అన్నారు సూపరింటెండెంటు గారు, దయతోనే. తెల్లకాగితం తీసుకుని, 'పారేసింది నేనే' అని రాసి, కింద సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాను.

మూడేళ్ల బాకీ. రెండే మాటలు.