పుట్టింటికి పోయిన పామాయిల్

ఆ చలికాలపు ఉదయం కోడలిని పుట్టింట్లో దింపేసి రావాలని కొండమ్మ తీర్మానించుకుంది. రేషన్ ఇచ్చే కంట్రోల్ షాపులో తెచ్చిన పామాయిల్ ప్యాకెట్లు నెల తిరక్కుండానే మాయమవుతున్నాయి. తను తీయలేదు. కొడుకు జగదీశ్ ఎయిర్‌పోర్టు దగ్గర కిరాయికి కారు తిప్పుకుంటాడు, వాడికి వంటింటి దారే తెలియదు. ఇక మిగిలింది కోడలు అఖిల. పైగా అఖిల పుట్టిల్లు పక్కనే, మామిడిపల్లిలో. కొండమ్మకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"ఒట్టు అత్తమ్మా, నేను ముట్టలే" అని అఖిల ఏడ్చింది.

"మరి ప్యాకెట్లకు కాళ్లొచ్చినయా? బట్టలు సర్దుకో. మీ అమ్మ ముంగటనే తేల్చుకుంట."

"ఇయ్యాల వద్దులే అమ్మా" అని జగదీశ్ నసిగాడు. పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాడని కొండమ్మ వాడినీ గుర్రుగా చూసి, కారులో వాడి పక్కన కూర్చుంది.

ఎయిర్‌పోర్టు మలుపులో కారు ఆగగానే బజ్జీల వాసన గుప్పుమంది. మామిడిపల్లిలో మరీ ఘాటెక్కింది.

"చూసినవా? మా నూనెతోని మీ అమ్మ బజ్జీలేస్తున్నది. ఊరంత వాసనే!" అని వెనక సీట్లోని అఖిలను కొండమ్మ దెప్పింది.

వియ్యపురాలు చంద్రమ్మ ఇంటిముందు కారు దగ్గి దగ్గి ఆగిపోయింది. కొండమ్మ పలకరింపైనా లేకుండా వంటింట్లోకి దూసుకుపోయింది. పొయ్యి చల్లగా ఉంది. మూకుడు బోర్లించి ఉంది.

"మమ్ముల జూసి యాడ దాచినవ్ వదినె?"

"నేను దాచుడేంది? వాసన మీ కారుకెల్లే వస్తున్నది. బజ్జీలు తెచ్చుకొని మాకు పెట్టకుంట మీరే దాస్తున్నరా?"

ఇద్దరూ ఒకరినొకరు నమ్మక కారు దగ్గరికి పరుగెత్తారు. బజ్జీల వాసన కారు పొగగొట్టంలోంచే వస్తోంది. జగదీశ్ బానెట్ ఎత్తి ఫిల్టర్ విప్పుతున్నాడు. అందులో చలికి నెయ్యిలా పేరుకున్న పామాయిల్.

"విమానం దిగిన సారొకాయన చెప్పిండు అమ్మా. ఫారిన్‌ల పంటల నూనెతోనే కార్లు నడుస్తయంట. డీజిల్ మిగుల్తది, పొగ గూడ తక్కువంట. అందుకే డీజిల్ల జర జర కలిపిన."

"డీజిల్ మిగిలింది సరే, కూరల పోపుకు నూనె మిగిలిందారా? చేన్ల పండిందంత కార్లే తాగితే మనుషులేం తినాలె?"

అఖిల సంచి తీసుకుని లోపలికి నడిచింది. "నువ్వే దింపినవు గద అత్తమ్మా. ఇగ నేను రాను."

కొండమ్మ ఇరుగుపొరుగు చూస్తున్నా లెక్కచేయకుండా కోడలి చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే బిడ్డా. దొంగను పక్కన కూసోబెట్టుకొని నీ మీద పడ్డ. నువ్వు లేకుంటే ఆ ఇంట్ల నాకెవరున్నరు?"

అఖిల బింకం విడిచి సంచి అత్త చేతికిచ్చింది.

మధ్యాహ్నం చంద్రమ్మ అందరికీ పొంగిన పూరీలు వడ్డించింది. అల్లుడి కంచం దగ్గరికి వచ్చేసరికి కొండమ్మ పూరీలు పక్కకు తీయించి, ఎండు జొన్నరొట్టె పెట్టింది.

"నీ వంతు నూనె కారు తాగింది కొడుకా."