దళం సెలవు అడిగింది

కొండ ప్రాంతంలో విముక్తి సైన్యం దినదినాభివృద్ధి చెందుతున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మొదట్లో దానికి ఉన్నది ఒకే ఒక్క ప్రాంతీయ కమిటీ. తర్వాత అది ఎగువ ప్రాంతం, దిగువ ప్రాంతం, ఏటికి ఇవతల, ఏటికి అవతల, ఏరు ఎండినప్పుడు మాత్రమే పనిచేసే మధ్య ప్రాంతం అంటూ శాఖోపశాఖలుగా విస్తరించింది. ప్రతి ప్రాంతానికీ ఒక కమాండరు. వాళ్లందరి మీదా పెద్దన్న.

ఇంత ఎదుగుదలకు కారణం ఆ సైన్యం పాటించే ఒక మంచి సంప్రదాయం. దాడి బెడిసికొడితే అక్కడ ఎవరినీ పల్లెత్తు మాట అనరు. అంటే అలిగి వేరు కుంపటి పెట్టుకుంటారని భయం. అందుకని ఓదార్పుగా ఒక ప్రాంతం సృష్టించి చేతిలో పెడతారు. దాడులన్నీ వరసగా బెడిసికొట్టాయి కాబట్టి నాయకత్వం వరసగా బలపడింది. చివరికి పదవి లేనివాడు ఒక్కడే మిగిలాడు. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప అతను ఏ పాపమూ ఎరగడు.

అతన్ని అందరూ ‘దళం’ అనేవారు. దళం ఎక్కడ అంటే నీళ్లకు వెళ్లింది అనేవారు. దళానికి జ్వరం వస్తే ఆ వారం యుద్ధం ఉండేది కాదు.

మొన్నటి పోలీసు ఠాణా ముట్టడినే తీసుకోండి. కమాండర్లందరూ గుట్ట మీద చెట్ల నీడన కూర్చుని, తమకున్న ఒక్క దుర్భిణీలోంచి వంతులవారీగా చూస్తూ ఆజ్ఞలు జారీచేశారు. దళం ఉత్తరం వైపు ఒకసారి పేల్చి, పరుగున దక్షిణానికి పోయి ఇంకోసారి పేల్చి, తూర్పున చెప్పు తెగితే ఒంటి చెప్పుతోనే పడమటికి చేరుకున్నాడు. వందలమంది చుట్టుముట్టినా వెన్ను చూపలేదని ఠాణాలోని వాళ్లకు పతకాలు వచ్చాయి. గుట్ట మీద వాళ్లకు మరో ప్రాంతం వచ్చింది. దళానికి దగ్గు వచ్చింది.

అలాంటి రోజుల్లో, ఊళ్ల నుంచి ఉప్పు తెచ్చే వ్యాపారి మూట దించుతూ కబురు చెప్పాడు. “నీకు కూతురు పుట్టిందయ్యా. ముక్కు అచ్చం నీదే.”

దళం ఆ పూట అన్నం మాడ్చాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు ఆ ముక్కు దగ్గరే ఉంది. చూడకుండా ఉండలేననిపించింది. వెళ్లి పెద్దన్నను సెలవు అడిగాడు.

మూతపడ్డ రంపపు మిల్లులో అత్యవసర సమావేశం జరిగింది. కాపలా లేకుండా సమావేశం జరపరాదన్న నియమం ఉండడంతో, దళం బయట తుపాకీ పట్టుకుని నిలబడి, తన సంగతి ఏమవుతుందో కిటికీలోంచి విన్నాడు. మధ్యలో రెండుసార్లు టీ కాచి ఇచ్చాడు.

పెద్దన్న లేచి గొంతు సవరించుకున్నాడు. “సోదరులారా! నాయకుడు పోతే ఇంకో నాయకుడు పుడతాడు. దళమే పోతే మనం ఎవరికి నాయకత్వం వహించాలి? రేపు చరిత్ర అడిగితే ఏం చెప్పాలి?”

“చరిత్ర సంగతి నాకు తెలీదన్నా,” అన్నాడు దళం కిటికీలోంచి. “పిల్లను ఒక్కసారి ఎత్తుకుని వచ్చేస్తా.”

అతను వచ్చేదాకా ఎవరైనా ఒక కమాండరు కిందికి దిగి దళంగా ఉండవచ్చునని మధ్య ప్రాంతం ప్రతిపాదించింది. వెంటనే మిల్లంతా నడుం నొప్పులతో, మోకాళ్ల వాపులతో నిండిపోయింది. ప్రతిపాదించిన ఆయనకు పాత హెర్నియా కూడా గుర్తొచ్చింది.

దిగువ ప్రాంతం కమాండరు తెలివైనవాడు. “సెలవు ఇవ్వడానికి మన నియమాలు ఒప్పుకోవు. విస్తరణకు అడ్డేముంది? వాడి వీధిని కొత్త ప్రాంతంగా ప్రకటిద్దాం. వాడినే కమాండరుగా పంపిద్దాం,” అన్నాడు.

చప్పట్లు మోగాయి. కొత్త కమాండరు జబ్బకు ఎర్ర పట్టీ కట్టి, గౌరవ సూచకంగా టీ ఇవ్వాలని తీర్మానించారు. ఆ టీ కూడా అతనే కాచుకున్నాడు.

అతను కొండ దిగిన సాయంత్రానికి శిబిరంలో కుండలు ఖాళీ అయ్యాయి. వాగుకు వెళ్లడం ఎవరి హోదాకు తగదో తేల్చడానికి తెల్లవార్లూ చర్చ జరిగింది. మర్నాడు సైన్యం ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించింది. శాంతి కోసం వాళ్లు చూపిన తెగువను పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.

ఇక్కడ ఇంటి గుమ్మంలో భార్య ఎదురొచ్చింది. “ఇన్నాళ్లకు గుర్తొచ్చామా? ముందు చేతులు కడుక్కో. తర్వాత ఎత్తుకుందువు గాని.”

అతను ఎత్తుకున్నాడు. పిల్ల తుపాకీ కంటే తేలిక. ముక్కు నిజంగానే తనది. ఏడ్చేశాడు. అంత సంతోషం తన బతుకులో ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

పిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టాక ఇంట్లో సమావేశం మొదలైంది. పాప ఏమవ్వాలి? డాక్టరు కావాలని అత్తగారు అన్నారు. ఆమె ఇంటికి పెద్దదిక్కు. పెద్ద ఆఫీసరు కావాలని బావమరిది పట్టుబట్టాడు. అతను వీధి సంక్షేమ సంఘానికి ఉపాధ్యక్షుడు.

“ఏదైనా అవనీ. ఒకరు చెబితే చేసే బతుకు మాత్రం వద్దు,” అంది భార్య. ఆమె పచ్చి బాలింత.

మన దళం జబ్బకున్న పట్టీ సవరించుకున్నాడు. “నా కూతురు నలుగురినీ నడిపించాలి,” అన్నాడు, పెద్దన్న గొంతుతో. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మీ ఇంట్లోనూ నెగ్గే ఉంటుంది.

“బిందెలో చుక్క నీళ్లు లేవు. ఎవరెళ్తారు?” అంది భార్య.

అత్తగారు మోకాలు పట్టుకున్నారు. బావమరిదికి సంఘం పని గుర్తొచ్చింది. కొత్త కమాండరు కుర్చీలో వెనక్కి వాలి, ఎవరో ఒకరు లేస్తారని చూశాడు. ఎవరూ లేవలేదు. కాసేపటికి అందరి చూపులూ మెల్లగా ఉయ్యాల వైపు తిరిగాయి. ఆ ఇంట్లో ఇంకా పదవి రానిది పాప ఒక్కతే.