బూరె కేంద్రకం

తొమ్మిదో తరగతికి ఆ రోజు రెండు రకాల కణాల గురించి చెప్పాలని శారోన్ పొద్దున్నే రెండు పళ్ళేలు సర్దుకుంది. కొత్తపేటలోని ఆ ప్రైవేటు బడిలో ఆమె ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. కమిటీ పెద్ద, రిటైరైన బోటనీ లెక్చరరు అచ్యుతరామయ్య గారు వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటారు. ఆయన తల ఊపితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. బోర్డు మీద బొమ్మ గీసి సరిపెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

పెద్ద పళ్ళెంలో నిజకేంద్రక కణం: చుట్టూ కణత్వచంగా పూతరేకు, లోపల కణద్రవ్యంగా జున్ను, మైటోకాండ్రియాలుగా జీడిపప్పులు, నడిమధ్యన కేంద్రకంగా ఓ పూర్ణం బూరె. చిన్న పళ్ళెంలో కేంద్రకపూర్వ కణం: పూతరేకు ఉంది, జున్ను ఉంది, బూరె లేదు. డీఎన్‌ఏ కింద సేమియా పోగులు మాత్రం చిక్కుపడి ఉన్నాయి. "పాఠం అయ్యేక పిల్లలకి పెట్టేసెయ్, వెనక్కి తేకు," అంది తల్లి పాపాయమ్మ.

ల్యాబులో చీమలున్నాయని, పళ్ళేలు హెడ్‌మిస్ట్రెస్ మాధవీలత గారి గదిలో అరిటాకు కప్పి పెట్టి శారోన్ ప్రార్థనకు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే అచ్యుతరామయ్య గారు దిగారు. హోటల్ నుంచి రావలసిన టిఫిను రాలేదు. వచ్చిన మనిషిని ఉత్త చేతులతో కూర్చోబెట్టడం ఆ ఊళ్ళో ఎరగని పని. మాధవీలత అరిటాకు ఎత్తి చూసి, శారోన్ ముందుచూపుకు మురిసిపోయి, పెద్ద పళ్ళెం ఆయన ముందుకు జరిపారు.

"మా శారోన్ మేడం మీకోసం ప్రత్యేకంగా చేయించేరండి. కాదనకండి."

ఆయన కాదనలేదు. కాదంటే పెట్టినవాళ్ళు నొచ్చుకుంటారు. తింటున్నకొద్దీ మొహం మాత్రం ముడుచుకుపోయింది. పాఠం చెప్పకముందే బూరెలు పెట్టి బుట్టలో వేసుకుందామనుకుంటోందన్నమాట ఈ పిల్ల!

పరుగున వచ్చిన శారోన్‌కు పళ్ళెం అంచున పూతరేకు ముక్కలూ, రెండు జీడిపప్పులూ కనిపించాయి.

"అదిరిపోయిందమ్మా! చూడు, ఎంత ఇష్టంగా తినేరో," అని మాధవీలత చెవిలో చెప్పారు.

"ఆయ్," అంది శారోన్ నీరసంగా. పెద్దావిడ అంత సంబరపడుతుంటే అది పాఠమని ఏ నోటితో చెబుతుంది?

"ఫలహారం బాగుందమ్మా. పాఠం ఎలా ఉంటుందో చూద్దాం," అన్నారు అచ్యుతరామయ్య గారు చాలా పొడిగా. 

క్లాసులో ఖాళీ పళ్ళెం, చిన్న పళ్ళెం పక్కపక్కన పెట్టి, "ఇది నిజకేంద్రక కణం," అంది ఖాళీదాన్ని చూపిస్తూ.

ముందు బెంచీలోంచి పింకీ లేచింది. "కేంద్రకం ఏదండీ?"

"ఉండేదమ్మా. ఇప్పుడు లేదు."

"అయితే అది కేంద్రకపూర్వ కణం అయిపోయిందాండీ?"

ఆ ప్రశ్నకు శారోన్ భయమంతా మరిచిపోయింది. "అవ్వదమ్మా! ఈ చిన్నదానికి కేంద్రకం పోలేదు, అసలు లేదు. దీని డీఎన్‌ఏకి చుట్టూ పొర ఉండదు, కణద్రవ్యంలోనే పడుంటుంది. పెద్దదానికి పొర ఉన్న కేంద్రకం ఉండేది. ఇవిగో, మైటోకాండ్రియాలు రెండు ఇంకా ఉన్నాయి. చిన్నదానికి అవీ ఉండవు."

"మరి కేంద్రకం ఎవరు తీసేరండీ?"

 వెనక బెంచీ కిర్రుమంది.

"నేనేనమ్మా, తినేసేను," అంటూ అచ్యుతరామయ్య గారు లేచారు. సిగ్గుతో మొహం కందగడ్డయింది. "ముందు కణత్వచం కరకరలాడింది. తర్వాత కణద్రవ్యం. కేంద్రకం కొరికితే పైన పొర, లోపల పూర్ణం. అంటే మీ మేడం కేంద్రక త్వచం కూడా మరిచిపోలేదు!" తిన్నదంతా తిన్న వరసలోనే బోర్డు మీద గీసి చూపించారు. గంట కొట్టేదాకా ఆయన్ని కూర్చోమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"కాకా పడుతున్నావనుకున్నాను తల్లీ, ఏమీ అనుకోకు," అన్నారు చాక్‌పీసు దులుపుకుంటూ. "ఉద్యోగం నీదే."

శారోన్ కుర్చీలో కూలబడి, పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఎంత హాయి!

త్రైమాసిక పరీక్షలో తరగతంతా నిజకేంద్రక కణాన్ని తప్పులేకుండా గీసింది. కేంద్రకంలో ఏముంటుందన్న ప్రశ్నకు మాత్రం సగం మంది శనగపప్పు, బెల్లం అని రాశారు.